ఛార్జి అప్పజెప్పే కాక

మా దిక్కు కొత్త ఆఫీసరు ఎవరొచ్చినా, కుర్చీ వేడెక్కకముందే మా కాక వెళ్లి శాలువా కప్పేవాడు. మొన్న పొద్దున ఆయన పోయాడని ఫోన్ వచ్చింది. గోదావరిఖనిలో ఒక మొబైల్ షాపు మీది గదిలో నేను గ్రూప్స్ పరీక్షల పిల్లలకు పాఠం చెబుతున్నాను. ఆ పాఠం పేరు చెప్పాలంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది. సివిల్ సర్వీసుల నిర్మాణం, ప్రాంతీయ నియామకాలు, జాతీయాభివృద్ధి. బోర్డు మీద సగం రాసిన వాక్యాన్ని అట్లాగే వదిలేసి బండి తీశాను.

సొంత బాబాయి కాదు, ఊరి వరస. ఊరంటే ఇప్పుడు లేని ఊరు. రామగిరి దిక్కున ఉండేది. ఓపెన్ కాస్టు గనికి పోయింది. మా ఇళ్లున్న చోట ఇప్పుడు గుంత ఉంది, మా బొందలగడ్డ ఉన్న చోట గనిలోంచి తీసి పోసిన మట్టి గుట్ట ఉంది. మా తాతలందరూ ఆ గుట్ట కిందే ఉన్నారు. మమ్మల్ని సెంటినరీ కాలనీకి అవతల ఒక పునరావాస కాలనీలో పెట్టారు. రోడ్లు వేశారు, కరెంటు ఇచ్చారు, బడి కట్టారు. చచ్చినవాళ్లను ఎక్కడ పెట్టాలన్నది మాత్రం ఎవరికీ తోచలేదు. బొగ్గుబాయి పని నుంచి రిటైరయ్యాక మా కాక పెట్టుకున్న పని ఒక్కటే, కాలనీకి ఒక బొందలగడ్డ సంపాదించడం.

శాలువా కప్పడంలో ఆయనకొక పద్ధతి ఉండేది. ముందు మడత విప్పి గాలిలో ఒక్కసారి దులిపేవాడు. దుమ్ము పోవడానికి కాదు, గదిలో అందరూ తనవైపు తిరగడానికి. జరీ అంచు పైకి వచ్చిందో లేదో చూసుకుని, ఎడమ భుజం మీద మొదలుపెట్టి కుడి భుజం మీదికి తెచ్చి, రెండు కొసలూ కిందికి గుంజి, వెనక్కి జరిగి పెండ్లిపిల్లను చూసినట్టు చూసేవాడు. ఎవరైనా ఫోటోకు సెల్లు ఎత్తితే "ఆగు బిడ్డా" అని జేబులోంచి దువ్వెన తీసేవాడు. దువ్వడానికి తల మీద పెద్దగా ఏమీ మిగల్లేదు. అయినా ఆ నాలుగు వెంట్రుకలూ ఒక దారికి వచ్చేదాకా, రోహిణి కార్తె ఉక్కలో, శాలువా కింద సారు చెమటలు కక్కుతూ నిలబడాల్సిందే.

ఆ శాలువా సాయంత్రానికి ఆఫీసు బీరువా మీదికి, నాలుగు రోజులకు బంట్రోతు చేతి మీదుగా మళ్లీ అమ్మిన దుకాణానికే చేరేది. ఒకసారి కొత్త సారు కోసం బేరమాడుతుంటే, అంచు మీద చాయ్ మరక చూసి కాకే గుర్తుపట్టాడు.

"అరె, గిది నేను కప్పిందే! సార్లు మారిన్రు గని శాలువ మారలే," అని దుకాణంలోనే పడీపడీ నవ్వాడు.

చౌరస్తాలో కుర్రవాళ్లు ఆయనను వదిలేవాళ్లు కాదు. "ఏం కాక, కొత్త సారు దిగిండట! శాలువ తయారేనా?" అని అరిచేవాళ్లు. అందరికీ ఆయన శాలువల కాక. ఆయనకు కోపం వచ్చేది కాదు.

"నవ్వున్రి, నవ్వున్రి. చేతుల కాయితం పట్టుకపోతే బంట్రోతు బయట బల్ల మీద కూసోవెడ్తడు. శాలువ పట్టుకపోతే వాడే తలుపు తీస్తడు. గది ఎరుకనా మీకు?"

లోపలికి వెళ్లాక రెండు ప్రశ్నలు అడిగేవాడు. మొదటిది, "సార్, మీదే ఊరు?" ఏ ఊరు చెప్పినా అక్కడ మాకొక చుట్టం పుట్టుకొచ్చేవాడు. ఖమ్మం అంటే వియ్యంకుని తమ్ముడు, ఆదిలాబాద్ అంటే మేనత్త ఆడబిడ్డ. రెండోది, "పిల్లలేడ సదువుతున్నరు సార్?" పాపం ఆఫీసర్లు దాన్ని మర్యాద అనుకునేవాళ్లు. కాక బయటికి వచ్చి, చాయ్ బండి దగ్గర నిలబడి, సారు జాతకం చెప్పేసేవాడు.

"పిల్లలు హైదరాబాద్‌ల ఉన్నరు. ఈయన వానలు పడేదాక ఉండడు. సూటుకేసొక్కటే వచ్చింది." లేదంటే, "పెండ్లాం పిల్లల్ని తెచ్చుకున్నడు, గ్యాస్ బండ గూడ రాయించుకున్నడు. జర ఆశ ఉన్నది."

ఆయన జాతకం తప్పిన సందర్భాలు తక్కువ. మా బొగ్గు దుమ్ములోకి కొందరిని కోపంతో పంపేవాళ్లు, కొందరిని వేరేచోట కుర్చీ ఖాళీ అయ్యేదాకా కూర్చోబెట్టేవాళ్లు. శిక్ష అనుకుని వచ్చినవాడూ, మజిలీ అనుకుని వచ్చినవాడూ దిగిన రోజు నుంచే హైదరాబాద్ రోడ్డు వైపు చూస్తుండేవాళ్లు. వాళ్లు చెడ్డవాళ్లని నేననను. అందులో చాలామంది నెమ్మదైన మనుషులే. పని అర్థమయ్యే వేళకు వాళ్లకు బదిలీ కాగితం వచ్చేది, అంతే.

మా పని అర్థం కావడానికీ కొంత కాలం పట్టేది మరి. కాలనీ చుట్టూ ఉన్న జాగ బొగ్గు కంపెనీది. కంపెనీ దాన్ని ప్రభుత్వానికి ఇవ్వాలి, ప్రభుత్వం పంచాయతీకి ఇవ్వాలి. ఏ పంచాయతీకి? కాగితాల్లో మా పంచాయతీ ఇంకా పాత ఊరే. ఆ ఊరు గని గుంతలో ఉంది. ఈ ముడి విప్పాలంటే ఒక మనిషి ఒక కుర్చీలో కొన్నాళ్లు కుదురుగా కూర్చోవాలి. అందుకే కాక ప్రతి కొత్త సారుకూ ఊరు పుట్టుక దగ్గర మొదలుపెట్టి కథంతా చెప్పేవాడు. సారు విని, ఫైలు తెప్పించుకుని, "చూద్దాం" అనేవాడు.

"ఎందుకు కాక, చెప్పిందే చెప్పుకుంట నీకు ఇసుగు రాదా?" అని ఒకసారి అడిగాను.

"బాయిల షిఫ్టు అయిపోయినోడు ఊకెనే పైకి రాడురా. వచ్చెటోనికి చెప్పి వస్తడు. ఫలాన కాడ పైకప్పు సప్పుడైతున్నది, గా మూలకు నీళ్లూరుతున్నయి, పైలం అని. చెప్పకుంటె మనిషి సస్తడు. గీ ఆఫీసుల ఒగల మొఖం ఒగలు సూడకుండనే మారుతున్నరు. మరి ఎవలన్న చెప్పాలెగద. అందుకే నేనే పోయి ఛార్జి అప్పజెప్పుతున్న."

ఒకరోజు ఎండకు తాళలేక నా క్లాసు గదిలోకి వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. నేను బదిలీల గురించే చెబుతున్నాను. అధికారి ఒకేచోట ఎక్కువకాలం ఉంటే స్థానిక స్వార్థాలు పెరుగుతాయి, వేర్వేరు ప్రాంతాల్లో పనిచేస్తే దేశం మొత్తం మీద అవగాహన కలుగుతుంది, జాతీయ సమైక్యత బలపడుతుంది. పిల్లలు వంచిన తల ఎత్తకుండా రాసుకుంటున్నారు. కాక చెయ్యెత్తాడు.

"నువ్వు చెప్పేది నిజమేరా. ఒక్కకాడనే పాతుకపోతె వాడు దొర అయితడు, అది గూడ చూసినం. కని చిలుకకొయ్యకు అంగీ తగిలిచ్చి తీసుకున్నట్టు వస్తె, పోతె, దేశం ఎట్ల ముందుకు పోతది? గది గూడ రాయిస్తున్నవా?"

పిల్లలు నవ్వారు. "దానికి మార్కులు రావు కాక," అన్నాను నేనూ నవ్వుతూనే. ఆయన లేచాడు. కూజాలో నీళ్లు తాగి, దువ్వెన తీసి దువ్వుకుని, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

తర్వాత ఒక అమ్మాయి ఆఫీసరుగా వచ్చింది. చిన్న వయసు, ఉత్తరాది మనిషి, తెలుగు పాఠ్యపుస్తకంలా మాట్లాడేది. కాక అలవాటు ప్రకారం శాలువా దులపగానే చెయ్యి అడ్డం పెట్టి, "నాకు శాలువా వద్దు. స్థలము చూపించండి," అంది. విప్పిన శాలువాను ఏం చేయాలో ఆయనకు తోచలేదు. చివరికి తన భుజానే వేసుకుని ఆమె జీపు ఎక్కాడు. ఆ రోజు కాలనీలో చూసినవాళ్లంతా సన్మానం కాకకే జరిగిందనుకున్నారు.

తుమ్మ కంపల్లో, ఎండలో, ఆమె కాలనీ వెనక జాగంతా నడిచింది. వెనకాలే నడుస్తూ కాక మొదటి ప్రశ్న వేశాడు. "బిడ్డా, మీదే ఊరు?" ఆమె రాజస్థాన్‌లో ఏదో ఊరి పేరు చెప్పింది. ఆయన ఎంత వెతికినా అక్కడ చుట్టమెవరూ దొరకలేదు. "గంత దూరమా! గాడ మావోళ్లెవ్వలు లేరే..." అని కాసేపు ఫికరు చేసి, "సరే తియ్యి, ఈడ నేనున్న గద," అన్నాడు. రెండో ప్రశ్నకూ జవాబు లేదు, ఆమెకు పెళ్లే కాలేదు. ఎన్నాళ్లుంటుందో కాక జాతకం చెప్పలేకపోయిన ఆఫీసరు ఆమె ఒక్కతే.

ఆమె పని చేసింది. కంపెనీ వాళ్లనూ పంచాయతీ వాళ్లనూ ఒకే బల్ల ముందు కూర్చోబెట్టింది. సర్వేయరును పంపి హద్దురాళ్లు పాతించింది. ఇక ఆఖరు ఉత్తర్వు ఒక్కటే రావాలి అన్నారు. కాక రోజూ పొద్దున వెళ్లి ఆ రాళ్లను చూసి వచ్చేవాడు. ముసలివాళ్లను వెంటబెట్టుకుపోయి, ఎవరికి ఏ మూల కావాలో అడిగి నవ్వించేవాడు. చావు చోటు దొరికిందని అంత సంబరపడిన మనుషులను నేను వేరే ఎక్కడా చూడలేదు.

ఆ సంబరమే కొంప ముంచింది. మేడమ్‌కు కాలనీలో సన్మానం చేయాలన్నాడు.

"ఉత్తర్వు రానీయి కాక. ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టున్నది," అన్నాను.

"పో రా. పిల్ల మంచిగ సదువుతుంటె పరీచ్చ అయినంకనే భుజం తట్టాల్నా?"

మా దగ్గర ఏ పనికైనా మొదట ఫ్లెక్సీ వేయాలి. ఆ ఫ్లెక్సీలో పనిచేసినవాడి బొమ్మ ఉన్నా లేకున్నా, మా దిక్కు పెద్ద నాయకుడి బొమ్మ మాత్రం ఉండాలి. అది అందరికీ తెలిసిన ఆచారం. కాక వేయించిన ఫ్లెక్సీలో నడుమ ఆ అమ్మాయి బొమ్మ నిలువెత్తు ఉంది. పక్కన చేతులు జోడించి కాక. "మా కాలనీ ఆడబిడ్డకు వందనాలు" అని రాయించాడు. నాయకుడు లేడు. ఫ్లెక్సీలు వేసే కుర్రవాడు రోజూ ఈ బొమ్మల మధ్యే బతికేవాడు గనుక భయపడ్డాడట.

"కాక, లీడర్ ఫోటో గోరంతన్న పెట్టు. బాగుండదు."

"ఆయనేం చేసిండని? అయినా బొందలగడ్డ పనిల ఆయన బొమ్మ పెడితె ఆయనకే అపశకునం గాదురా?" అన్నాడట కాక. ఆ మాట కూడా ఊరంతా తిరిగింది. ఫ్లెక్సీ కంటే ముందే చేరాల్సిన చోటికి చేరి ఉంటుంది.

ఆమె వద్దంటూనే వచ్చి, ముసలమ్మలు బొట్టు పెడితే పెట్టించుకుని, కాసేపు కూర్చుని వెళ్లిపోయింది. వారం తిరక్కుండానే బదిలీ అయింది. ఆ ఫ్లెక్సీ వల్లే అయిందనడానికి నా దగ్గర రుజువు లేదు. ఉత్తర్వులో 'పరిపాలనా కారణాల వల్ల' అని ఉంటుంది. ఆ మాటకు నేను పిల్లలకు నిర్వచనం చెబుతాను, చక్కగా, ఉదాహరణలతో సహా. కానీ బసంత్‌నగర్ దాకా చాయ్ బండి దగ్గర ఎవరిని అడిగినా అసలు కారణం చెబుతారు. చెప్పి నవ్వుతారు. మాకందరికీ తెలుసు, అయినా పోయి అడిగినవాడు ఒక్కడూ లేడు. కాలనీలో పెద్దమనుషులు ఆ రాత్రే ఫ్లెక్సీ విప్పి, నాయకుడి బొమ్మతో కొత్తది వేయించారు. ఆయన పుట్టినరోజు దగ్గర పడిందని వంక. మనుషులం ఇంతేనా అని నాకు మొదటిసారి మా వాళ్ల మీద అసహ్యం వేసింది. మా వాళ్లంటే నేను కాకుండా ఎవరు?

ఆమె వెళ్లేముందు కాకను నా బండి మీద తీసుకుపోయాను. క్వార్టర్ ముందు సామాను లారీకి ఎక్కుతోంది. కాక గడప లోపలికి అడుగు పెట్టలేదు. జీవితంలో మొదటిసారి వట్టి చేతులతో ఒక ఆఫీసరు ముందు నిలబడ్డాడు.

"నా చేతుల్తోని నేనే పంపిన బిడ్డా," అన్నాడు.

"అలా అనకండి కాకా. మాకు ఇది మామూలే," అని ఆమె నవ్వింది. నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఫైలులో అంతా వివరంగా రాసి పెట్టానని, తర్వాత వచ్చేవారు చూస్తారని చెప్పింది.  తిరిగి వచ్చేటప్పుడు, గోదావరిఖని దాటాక, కాక నా భుజం తట్టి బండి ఆపించాడు.

"మామూలే అన్నది, ఇన్నవా? ఆ పిల్ల ఈడికి వచ్చినప్పుడు దానికి గా మాట రాదురా. ఎండల కంపలు తొక్కుకుంట నడిచింది. రేపు ఇంకో ఊర్ల నా అసొంటోడు పోయి నిలవడి అడిగితె ఏమంటది? చూద్దాం అంటది. గట్ల అనుడు మనమే నేర్పి పంపినం."

క్లాసులో ఆయన అడిగిన ప్రశ్నకు అంతకంటే పెద్ద జవాబు ఏ పుస్తకంలోనూ నేను చదవలేదని ఇప్పుడు రాస్తే బాగానే ఉంటుంది. కానీ అప్పుడు నాకు ట్యూషన్ వేళ అవుతోంది. "పోదాం పా కాక, జల్ది," అని బండి స్టార్టు చేశాను.

తర్వాత ఆయన ఏ ఆఫీసు గడపా తొక్కలేదు. కొత్త సారు వచ్చాడు, పోయాడు. ఇంకో సారు వచ్చాడు. చౌరస్తాలో కుర్రవాళ్లు పిలిచినా నవ్వేవాడు కాదు, తల వంచుకుని పోయేవాడు. ఫైలు మొదటి నుంచి చూడాలన్నారట. సర్వే మళ్లీ చేయాలన్నారట. మళ్లీ చేయడానికి అక్కడ హద్దురాళ్లు కూడా లేవు. ఎవరో పీకి పారేశారని పేపర్లో వేయించడానికి వీల్లేదు, ఎందుకంటే వాటిని తెచ్చుకున్నది మేమే. నున్నగా, బరువుగా, బట్టలు ఉతుక్కోవడానికి భేషుగ్గా ఉన్నాయి. ఉత్తర్వు ఎట్లాగూ రాదని తేలాక ఒక్కొక్కటే ఇళ్ల వెనక నల్లాల దగ్గరికి చేరాయి. మా ఇంట్లో ఒకటుంది. కాక ఇంటి వెనకా ఒకటుండేది, ఆయన భార్య, మా చిన్నమ్మ, తెప్పించింది. 

మొన్న నేను వెళ్లేసరికి పాడె కట్టేశారు. కాలనీలో ఎవరు పోయినా పక్క ఊరి బొందలగడ్డకే తీసుకుపోతున్నాం. వాళ్లు మొదట ఏమీ అనలేదు, తర్వాత గొణిగారు, కిందటిసారి గొడవే పెట్టుకున్నారు. వేరే దారి లేదు గనుక డప్పులు తక్కువ సప్పుడుతో కొట్టించుకుంటూ బయల్దేరాం. వాళ్ల పొలిమేర ముందే దింపుడు కల్లం. పాడె దించారు. కొడుకు ఒంగి నాయన చెవిలో మూడుసార్లు పిలిచాడు. పిలిచాక ఎత్తాలి. ఎత్తబోయేసరికి రోడ్డుకు అడ్డంగా ఆ ఊరివాళ్లు నిలబడి ఉన్నారు.

"నువ్వు ఆఫీసర్లను తయారు జేసెటోనివి. నువ్వే మాట్లాడు," అని మావాళ్లు నన్ను ముందుకు నెట్టారు.

ముందు ఆఫీసుకు ఫోన్ చేశాను. కొత్త సారు నిన్ననే ఛార్జి తీసుకున్నారట. ఎత్తినాయన మర్యాదగానే మాట్లాడాడు. "సార్ కొత్త కదండీ. ఫైలు తెప్పించుకుని చూస్తారు," అన్నాడు. ఎండ నెత్తికెక్కుతోంది. ఎవరో కాక ముఖానికి గొడుగు పట్టారు. నేను ఫోన్ జేబులో పెట్టుకుని, ఆ ఊరి పెద్దమనిషి ముందుకు వెళ్లి రెండు చేతులూ జోడించాను. చచ్చిన మనిషిని రోడ్డు మీద పెట్టుకుని ఆరడుగుల చోటు అడుక్కున్నాను. పొద్దున ఈ నోటితోనే జాతీయాభివృద్ధి అన్నాను. నా బతుకులో అంత సిగ్గుపడిన రోజు లేదు.

ఆ పెద్దమనిషి పాపిష్టివాడు కాడు. కాకతో కలిసి బాయిలో పని చేసినవాడే. తువ్వాలతో కండ్లు తుడుచుకుంటూనే మాట్లాడాడు.

"నాకు దోస్తే గదనయ్యా. మనసున పడ్తలేదు. కని మా జాగ గిప్పటికే నిండవట్టె. రేపు మావోళ్లు ఏడికి పోవాలె?" అని, వెనక్కి తిరిగి తన వాళ్లతో ఏదో మాట్లాడి, మళ్లీ వచ్చాడు. "సరే, ఈయనను తీస్కపోన్రి. కని ఒక మాట. మీ కాలనీల ఇంక ముసలోళ్లు ఎందరున్నరు? ఓ లెక్క చెప్పున్రి. ఊరోళ్లను కూసోవెట్టి మాట్లాడుత."

ఆయన మంచికే అడిగాడు. మావాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి ఒకాయన వేళ్లు మడుస్తూ పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. పాడె పక్కన నేల మీద కూర్చున్న చిన్నమ్మ తలెత్తింది.

"ముందుగాల నా పేరు చెప్పురా," అన్నది. తర్వాత ఆ ఊరి పెద్దమనిషి వైపు తిరిగింది. "నేను ఆయన పక్కపొంటనే సర్దుకుంట, అన్నా. ఎక్కువ జాగ అడుగ."